గుంటమగ్గమునకు ఒక ఇల్లు

మంగళగిరిలో, రాజా వాసిరెడ్డి వేంకటాద్రి నాయుడుగారు 1807-09 సంవత్సరముల నడుమ కట్టించిన పదకొండంతస్తుల గాలిగోపురము తెల్లవారుజాము వెలుగులో ఇంకను నల్లగానే నిలిచియుండగా, దానికి కొంత దూరముననున్న ఒక నేతవీధిలో, ఈ చివరనుండి ఆ చివరకు కర్రలపై పరచిన పడుగునకు ఇరువైపుల నిలిచి, గంజి రాచుచు, కుంచెలతో పోగును పోగును విడదీయుచున్న ఆడవారిని, మగవారిని మొట్టమొదట చూచిననాడు, ఈ ఇండ్లకు గోడ ఎక్కడ ముగియుచున్నది, వీధి ఎక్కడ మొదలగుచున్నది అను సందేహము నాకు కలిగెను. ఇండ్లకు ప్లానులు గీయుట నా వృత్తి. గోడ ముగియుచోటు తెలియకున్నచో నా పెన్సిలు కదలదు. ఆ సందేహము తీరుటకు నాకు ఏడాదికి పైగా పట్టినది. ఈ వ్యాసము ఆ ఏడాది నేను నేర్చుకొన్న పాఠము.

ఆ వీధిలోనే ఒక నేతగాని పాత పెంకుటింటిని విప్పి, అదే స్థలమున మగ్గమునకును మనుష్యులకును చాలునంత ఇల్లు గీయవలసినదని నన్నడిగిరి. స్థలము తూర్పుముఖము, వీధివైపు 24 అడుగుల వెడల్పు, లోనికి 60 అడుగుల పొడవు, అనగా 160 గజములు. ఉత్తరమున పొరుగువారి గోడ తాకుచున్నది. దక్షిణమున మనిషి ఓరగా నడచునంత సందు మాత్రము మిగిలినది. నేను రెండు వారములు శ్రమించి మొదటి ప్లాను గీచితిని. ముందు హాలు, దాని వెనుక రెండు పడకగదులు, వంటయిల్లు, అన్నిటికంటె వెనుక పది అడుగులకు పన్నెండడుగుల గది ఒకటి, దానిపై ‘మగ్గము’ అని వ్రాసితిని. ఆయన ఆ కాగితమును అరుగుమీద పరచి, నాలుగు మూలల నాలుగు కండెలు బరువుగా ఉంచి, చాలసేపు చూచెను.

“బొమ్మ బాగానే ఉందండి. మరి పడుగు తాడు ఎక్కడ కట్టుకోమంటారు?” అని అడిగెను.

గుంటమగ్గము నెరుగనివారికి ఈ ప్రశ్న అర్థము కాదు. ఆనాడు నాకును కాలేదు. నేసిన బట్ట నేతగాని ఒడిలోనికి చుట్టుకొనుచుండును. నేయవలసిన పడుగు పన్నెను, అచ్చును దాటి, ముందునకు చాలదూరము సాగి, చివర ఒక ముడిగా చేరి తాడునకు కట్టబడును. ఆ తాడు దూరముననున్న గుంజను చుట్టి తిరిగివచ్చి నేతగాని చేతికందు మేకునకు ముడిపడును. జానెడు బట్ట నేసినపుడెల్ల ఆయన కూర్చున్నచోటనుండి కదలకయే ఆ ముడి కొంచెము సడలించి, పడుగును తనవైపునకు రప్పించుకొనును. ఆ పాత ఇంటిలో ఒడినుండి ఆ దూరపు గుంజవరకు టేపు పట్టి కొలిచితిని: 17 అడుగులు. నేను గీచిన గదిలో ఆయన కూర్చుండగలడు, మగ్గము పట్టును, నేత మాత్రము సాగదు. కుర్చీని, మంచమును కొలిచినట్లు మగ్గమును కొలిచితినిగాని, పనిని కొలువలేదు. ఆ ప్లానును మడిచి సంచిలో పెట్టుకొని, మరునాటినుండి ఆ ఇంటికి పోయి ఊరక కూర్చుండుట మొదలుపెట్టితిని.

కూర్చున్నవానికి మొదట కనబడినది గుంట. నేలతో సమముగా కూర్చుండి, కాళ్లు గుంటలోనికి వ్రేలవేసి, అడుగుననున్న చెక్కలను ఒకదాని తరువాత నొకటి తొక్కుచుండగా, పైన పడుగు రెండు పాయలుగా విడిపోవును. ఆ సందున కుడిచేతి తాడులాగుడుకు నాడె పరుగెత్తును. గుంట అంచున ఆయన కూర్చుండు చెక్క మధ్యలో పల్లమై, నూనె పూసినట్లు నిగనిగలాడుచున్నది. ఆ చెక్కను చేతితో తడిమి చూచుచుండగా ఆయన చెప్పెను: “ఇది మా నాన్న కాళ్ల కొలతకు తవ్విన గుంటండి. ఆయన పొట్టి. నేను ముప్పై ఏళ్లుగా మోకాళ్లు పైకెత్తుకునే తొక్కుతున్నాను.” చొక్కాను కొలతకు కుట్టించుకొను మనము, దినమునకు ఎనిమిది గంటలు కాళ్లుంచు గుంటను తండ్రి కొలతకే ముప్పదియేండ్లు ఓర్చుకొనుట నాకు కష్టముగా తోచినది. మోకాలు పైకి వచ్చినకొలది నడుము ముందునకు వంగును. నడుము వంగినకొలది మెడ. వైద్యుని యొద్దకు పోవు నొప్పి నేలలో మొదలగుచున్నది.

గుంట కాళ్లకు మాత్రమే కాదు. నూలునకును గుంటయే ప్రాణము. పత్తిపోగు గాలిలో తేమయున్నపుడు బలముగానుండును, పొడిగాలికి పెళుసుబారును. మే నెలలో వడగాలి తిరిగినప్పుడు పోగులు పుటుక్కున తెగుచుండును. తెగిన ప్రతి పోగునకు నాడె ఆపి, కొస వెదకి, ముడివేసి, అచ్చు కంటిలో దూర్చి, పన్నె పంటిసందున లాగి, మరల మొదలుపెట్టవలెను. ఆలోగా చేతికి కుదిరిన లయ చెదరిపోవును. గుంటలోని మట్టి విడుచు చల్లని తేమ నేరుగా పైనున్న పడుగునకు తగులుచుండుటచేత ఆ తెగుడు తగ్గును. మంగళగిరి సన్ననూలునకు, నిజాం అంచు చీరకు ఈ మట్టిచెమ్మ ఎంత అవసరమో తెలియక, శుభ్రముగా ఉండునని గుంట అడుగున కూడ సిమెంటు పూసిన ఇండ్లు కొన్ని చూచితిని. అట్టిచోట నేతగాడు వేసవిలో గోనెపట్టలు తడిపి పరచుకొనవలసివచ్చుచున్నది. ఇల్లు కట్టినవాడు తీసివేసినదానిని ఇంటివాడు బకెట్లతో తిరిగి తెచ్చుకొనుచున్నాడు.

అయితే తేమ వేరు, నీరు వేరు. 2024 సెప్టెంబరు మొదటి దినములలో బుడమేరు పొంగి విజయవాడ మునిగిన ఆ వానలకే, ఈ ఇంటి గుంటలోనికిని నీరు వచ్చినది. గడప దాటి రాలేదు, క్రిందినుండి ఊరినది. తొక్కుడు చెక్కలు నాని ఉబ్బినవి, పడుగునకు బూజు పట్టినది, నీరు తోడి పోసినకొలది మరల నిండినది. ఆ నెల మజూరీ లేదు. వానాకాలములో మగ్గపుగుంటలలో నీరు చేరుట అనేక నేతపేటలకు ఏటేట వచ్చు కష్టమే. కాని దానిని దైవికమని వదలిపెట్టుట గృహనిర్మాణము నెరిగినవానికి తగదు. లెక్క సులువు. గుంట లోతు రెండున్నర అడుగులైనపుడు, ఇంటి అరుగుమట్టము వీధికంటె మూడున్నర అడుగులు ఎత్తుగానున్నచో, గుంట అడుగు వీధికంటె ఒక అడుగు పైననే యుండును. మరల రోడ్డు వేసినపుడెల్ల పాత రోడ్డుమీదనే క్రొత్తది పోసి వీధిని లేపుచుందురు గనుక ఆ అడుగు అవసరమే. ఇంటిలోపలికి గుంటయైనది బయటి నేలకు గుంట కాకూడదు. ప్రక్కగోడలు ఇటుకతో, సిమెంటుతో గట్టిగా కట్టి, అడుగున మాత్రము మట్టిపై జానెడు ఇసుక పోసి వదలితిని; వేసవిలో సాయంకాలము రెండు చెంబుల నీరు చల్లిన చాలును. దీనికి చెల్లించిన వెల ఏడు మెట్లు. ఆ ఇంటి పెద్దావిడకు మోకాళ్ల నొప్పులు. మెట్ల నడుమ ఒక వెడల్పైన అరుగు ఉంచి, పట్టుకొనుటకు గొట్టపు కమ్మి పెట్టించితిని. ఆమె ఆ నడిమి అరుగుమీదనే ప్రొద్దంతయు కూర్చుండుట ఇప్పుడు అలవాటు చేసుకొన్నది.

వెలుతురు సంగతి ఇంకను సున్నితమైనది. తెల్లని నూలుపై తెల్లని పోగు తప్పినదో లేదో చూడవలసిన కన్నునకు నేరుటెండ పనికిరాదు, చీకటి పనికిరాదు, తన నీడ తనకే అడ్డుపడరాదు. ఉత్తరపు వెలుతురు దినమంతయు ఒక్కతీరుగానుండునని చిత్రకారులు, కంసాలులు కూడ ఎరుగుదురు. కాని మా స్థలమున ఉత్తరమున పొరుగుగోడ కలదు. అందుచేత ఆ గోడకానుకొని, స్థలము నడుమ పన్నెండడుగులకు పదునాలుగడుగుల ఆకాశమును వదలితిని. మన పెద్దలు మండువా అన్నది అదియే. దానికి దక్షిణమున మగ్గపుసాల. నేతగాడు తూర్పుముఖముగా కూర్చుండును. ఎడమనుండి వెలుతురు వచ్చును. తాడు లాగు కుడిచేయి నీడ బట్టపై పడదు. పడుగు తూర్పునకు, వీధివైపునకు, 18 అడుగులు సాగును. తూర్పుముఖముగా కూర్చుండుట శుభమని ఆయన సంతోషించెను. నేను వెలుతురుకొరకు చేసినది, ఆయన ఆచారముకొరకు కోరినది ఒకటే అయినవి. ఇట్టి కలయిక గృహనిర్మాణమున అరుదుగా దొరకు భాగ్యము.

వృత్తి ఇంటిని మలచుట మనదేశమునకే చెందినది కాదు. ఫ్రాన్సులో లియోన్ నగరమున క్రువా-రూస్ గుట్టపైనున్న పట్టునేతగాండ్ర ఇండ్లకు పైకప్పు దాదాపు నాలుగు మీటర్ల ఎత్తుననుండును. 1804లో జాకార్డు కనిపెట్టిన యంత్రము మగ్గముపైన నిలువవలెను గనుక ఆ ఎత్తు. ఆ ఎత్తులోనే వంటగదిమీద కొయ్య అటక కట్టుకొని కుటుంబము నిద్రించెడిది: మగ్గమునకు కావలసిన ఎత్తులో మిగిలినది మనుష్యుల పాలు. 1831, 1834 తిరుగుబాట్లు ఆ గదులనుండియే వీధిలోనికి దిగినవి. 1685 తరువాత మతహింస తాళలేక ఫ్రాన్సు విడిచి లండనులోని స్పిటల్‌ఫీల్డ్సు చేరిన నేతగాండ్ర పేటలో, ఇంటి పైకొననున్న అంతస్తుకు గోడ పొడవున వెడల్పైన కిటికీలు. అక్కడ వెలుతురే కరవు. జపానులో క్యోటోనగరపు నిషిజిన్ పేటలో, సన్నని లోతైన ఇంటి వెనుకభాగమున, మట్టినేలపై, ఎత్తైన కప్పుక్రింద మగ్గములు. ఎవరికి ఏది కొరతయో దానినే వారి ఇల్లు వెదకినది. మన ఇల్లు వెదకినది నేలను. ధర్మవరపు పట్టుచీరకువలె పైన జాకార్డు పెట్టెలు నిలుపవలసిన అవసరము మంగళగిరిలో ఈ ఇంటికి నేడు లేదు. ఐనను మగ్గపుసాల కప్పును పదమూడడుగులకు లేపితిని. వేడి పైకి పోవుట తక్షణలాభము. రేపు ఈ ఇంటివారు జాకార్డు నిలుపదలచినచో ఇంటిని పడగొట్టనక్కరలేదు.

ఇక ఇంటి ఇల్లాలి సంగతి. నేతను మగవాని వృత్తిగా వ్రాయుట మనకు అలవాటు. 2019-20 నాటి నాలుగవ అఖిలభారత చేనేత గణన ప్రకారము దేశమున చేనేత పనివారు 35.22 లక్షలమంది, అందులో స్త్రీలు 25 లక్షలకు పైమాటే. ఈ ఇంటిలోను చిలపలు విప్పి రాట్నముపై కండెలు చుట్టునది ఆమె, గంజి కాచునది ఆమె, భర్తకు జ్వరము వచ్చినచో గుంటలో దిగునది ఆమె. పాత ఇంటిలో ఆమె రాట్నము వంటింటి గుమ్మమునకు, నడవకు మధ్య, వచ్చిపోవువారి కాళ్లసందున ఉండెడిది. వెలుతురు లేదు, గాలి లేదు, చెప్పుకొనుటకు చోటుపేరైనను లేదు. ఎక్కడ కూర్చుండ దలచినావమ్మా అని నేనడుగగా, “పొయ్యి మీద పాలు కనబడాలి అన్నయ్యగారూ, ఆయన కండె అయిపోయిందంటే వినబడాలి, నూలుకు మసి అంటకూడదు” అని మూడే మాటలలో నాకు ప్లాను చెప్పినది. మండువాకు పడమట వసారా, దానికి వాయవ్యమున వంటయిల్లు. వసారాలో నేలకు బిగించిన రాట్నము, ప్రక్కన గోడగూడు, పైన పంకా. అక్కడ కూర్చున్నచో ఎడమన పొయ్యి, కుడిన మగ్గము, ఎదుట ఆకాశము. ఈ ప్లానులో అన్నిటికంటె మంచి చోటు ఇదియేనని నా నమ్మకము.

ఆడవారి శ్రమకు చోటు వెదకినపుడు ఇంటినే కాక పనిముట్టును కూడ మార్చవచ్చునని చూపినవారు ఆలేరు ప్రాంతపు శారాజీపేట చింతకింది మల్లేశంగారు. పోచంపల్లి తరహా చీరకు ఆసు పోయుటలో, అనగా నూలును మేకులచుట్టు త్రిప్పుటలో, తల్లి చేయి ఒక్కొక్క చీరకు వేలమారులు ముందునకు వెనుకకు కదలుచు భుజము నొచ్చుట చూచి, ఆయన 1999లో ఆసుయంత్రము చేసి, దానికి అమ్మపేరే పెట్టిరి. 2017లో పద్మశ్రీ వచ్చినది. ఆ యంత్రము ఇంటిలోనే నిలుచును. నేతయింటి గోడ ఒకదానివెంట ఏ వస్తువును పెట్టక ఆరడుగులు ఖాళీగా వదలవలెనని నేను పట్టుపట్టుటకు అదియే కారణము: రేపటి పనిముట్టునకు నేడే చోటుండవలెను.

ఆ ఇంటి కూతురు మాత్రము నా ఉత్సాహమునకు అడ్డువచ్చినది. ఆమె డిగ్రీ చదివినది, నేత నేర్చినది, చక్కగా నేయును. “ఇంట్లో మగ్గం ఉంటే పని అయిపోయిందన్న మాటే ఉండదండి. అన్నం తింటూ కూడా దాన్నే చూస్తాం. షెడ్డుకు వెళ్లి ఆరింటికి ఇంటికి రావడమే మేలు” అనెను. ఇంటిని, పనిని ఒక్క కప్పుక్రిందికి తెచ్చుటయే ఉత్తమమని వ్రాయదలచిన నాకు ఈ మాట ముల్లువలె గ్రుచ్చుకొన్నది; ఆలోచించినకొలది ఆమె చెప్పినది న్యాయమని తోచినది. తలుపులేని పనిచోటు విరామములేని బ్రతుకు. అందుచేత మగ్గపుసాలకు, మండువాకు మధ్య ఆరు కొయ్యరెక్కల మడతతలుపు పెట్టితిని. ప్రొద్దున అన్నియు తెరచిన సాల, మండువా ఒక్కటే గది. సాయంకాలము దీపమువేళ మూసివేసినచో మగ్గము కనబడదు. మూయవలసిన గంటను ఆ అమ్మాయియే నిర్ణయించినది: ఆరున్నర.

160 గజములున్నవాడు కనుక ఇతనికి మండువా దొరకినది. లేనివాని మాటయేమి? 2020లో ఆంధ్రప్రదేశ్‌లో పట్టణపేదలకు ఇచ్చిన ఇంటిస్థలము ఒక సెంటు, అనగా 48.4 గజములు, దానిపై 340 చదరపు అడుగుల ఇల్లు. తెలంగాణలో పేదలకు కట్టిన రెండు పడకగదుల ఇల్లు 560 చదరపు అడుగులు, నగరములలో అది అంతస్తులమీద అంతస్తు. నిలువ నీడలేనివానికి అవి నిజమైన మేలు; కాదనలేము. కాని మగ్గము, మనిషి, నూలు కలసి 140 చదరపు అడుగులు కోరునప్పుడు, 340లో ఐదింట రెండుపాళ్లు దానికే పోవును; మూడవ అంతస్తున గుంట తవ్వుట అసలే కుదరదు. స్టాండుమగ్గము మేడనెక్కగలదు నిజమే, మట్టిచెమ్మ దానివెంట ఎక్కదు. కేంద్రప్రభుత్వము నేతగాని సొంత వర్క్‌షెడ్డునకు 1.20 లక్షల రూపాయల లెక్కన సాయము చేయు పథకము నడుపుచున్నది. ఇల్లిచ్చు కార్యాలయము వేరు, షెడ్డిచ్చు కార్యాలయము వేరు. ఒకే మనిషి ఒకచోట నిద్రించువానిగా, మరియొకచోట పనిచేయువానిగా రెండు దస్త్రములలో విడిపోవుచున్నాడు. నేతపేటలకిచ్చు ఇంటిని వేరుగా గీయవలెను: క్రింద మగ్గము, పైన నివాసము, నాలుగిండ్లకు కలిపి ఒక మండువా. ఒక్క సెంటునైనను పైకి పెంచుకొనవచ్చును గాని, మగ్గమును నేలనుండి పెరుకరాదు.

వీధి కూడ ఈ ఇంటిలో ఒక గదియే. పడుగు సరిచేయుటకు ఏ ఇంటివానికిని సొంతముగా అంత పొడవైన నేల లేదు. ఊరు ఉమ్మడిగా ఇచ్చినది వీధి. నేడు అక్కడ ఆటోలు, మోటారుసైకిళ్లు. పడుగు పరచినవారు ప్రొద్దున ఆరుగంటలలోపే ఎత్తివేయవలసివచ్చుచున్నది. రోడ్డు వెడల్పు చేసినపుడు ముందుగా పోవునవి అరుగులు. పడుగుకర్రలు పెట్టుకొనునది, గంజి చల్లార్చునది, ముసలివారు కూర్చుండి చిక్కులు విప్పునది ఆ అరుగుమీదనే. దానిని ఆక్రమణయని కొట్టివేయునపుడు ఆ వీధి పనిచేయు ఒక అంగమును కోల్పోవుచున్నదని పురపాలకులు గుర్తింపవలెనని నా విన్నపము. మా ఇంటి అరుగును నేను నిబంధనలు వదలమన్న ఖాళీకి లోపలనే కట్టితిని. స్థలమున నాలుగడుగులు తగ్గినవి. ఆయన సణుగలేదు.

మేడమీది గదులు, వాటి కిటికీలు, స్నానపుగది పెంకులు ఏ ఇంటికైనను ఉండునవే. వాటికై మాటలు వెచ్చింపను.

గుంట కట్టిననాడు నేను పోయితిని. తాపీమేస్త్రి రెండు ప్రక్కల గోడలు లేపి, ఆయనను అంచుమీద కూర్చుండమనెను. ఆయన పంచె ఎగగట్టి, ఇటుకలమీద గోనెపట్ట వేసికొని కూర్చుండి, కాళ్లు లోనికి వదలి, గాలిలోనే నాలుగుసార్లు తొక్కి చూచెను. “ఇంకో రెండంగుళాలు దించు మేస్త్రీ” అనెను. మట్టి తీసిరి. మరల తొక్కెను. ఈసారి మోకాళ్లు నేలమట్టమునకు దిగినవి. వీపు తనంతతానే నిటారైనది. మేస్త్రి గోడమీద బొగ్గుతో గీత గీచెను.

ఆయన లేచి, వెనుదిరిగి, కూతురిని పిలిచి, “నువ్వు కూడా కూర్చో అమ్మా” అనెను. ఆమె కూర్చున్నది, పాదములు అడుగునకు జానెడు దూరమున ఆగిపోయినవి. మేస్త్రి నావైపు చూచెను. వడ్రంగికి చెప్పి, గుంటలో దించుటకు, తీయుటకు వీలైన పీట ఒకటి చేయించుదమంటిని. మేస్త్రి ఆమె పాదములక్రింద చేయి అడ్డుపెట్టి, గోడమీద, మొదటి గీతకు పైన, రెండవ గీత గీచెను.